డౌన్ సిండ్రోమ్ పిల్లల నోటి ఆరోగ్యం – మన బాధ్యత





మేము బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం, డాక్టర్లం కాము. అయినా ఈరోజు పిల్లల లాలాజలం గురించి మాట్లాడదలిచాము. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను బడికి తెస్తే, "నోట్లోంచి చొంగ కారుతోంది, పక్క పిల్లలకు ఏమైనా అంటుకుంటుందేమో" అనే మాట వినిపిస్తుంది. ఆ ఒక్క మాటకే తల్లి మనసు విరిగి బిడ్డను వెనక్కి తీసుకుపోతుంది.

డౌన్ సిండ్రోమ్ అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. మన కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ఈ పిల్లల్లో సాధారణంగా 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. ఈ కారణం 1959లో తేలింది. ఇక చొంగ కారేది లాలాజలం ఎక్కువగా ఊరడం వల్ల కాదు. పెదవుల, నాలుక కండరాల్లో బిగువు తక్కువ. నోరు తెరుచుకొని ఉంటుంది, మింగడం కష్టమవుతుంది.

మనం చీదరించుకునే ఆ లాలాజలమే నోటికి అల్లాహ్ పెట్టిన కాపలా. అది మెతుకులను కడిగేస్తుంది, పులుపును విరుస్తుంది, పంటికి కాల్షియం అందిస్తుంది. అందులోని ఐజీఏ క్రిములను అంటుకోనివ్వదు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఈ ఐజీఏ తగ్గిందని కొన్ని పరిశోధనలు, తగ్గలేదని కొన్ని చెప్పాయి. అన్నీ అంగీకరించే సంగతి మాత్రం ఒకటుంది. వీరికి చిగుళ్ళ జబ్బు చిన్న వయసులోనే, తీవ్రంగా వస్తుంది. క్రిములున్న చోటికి చేరవలసిన తెల్లరక్తకణాలు వీరిలో మందకొడిగా కదలడం ఒక కారణం. నోటితో గాలి పీల్చడం వల్ల చిగుళ్ళు ఎండిపోవడం మరొకటి.

మనం మోసపోయేది ఇక్కడే. ఈ పిల్లల్లో పుచ్చుపళ్ళు తరచుగా తక్కువే. పుచ్చు లేదు కదా అని ఊరుకుంటాం. లోపల చిగురు వాచి, ఎముక కరిగి, పుచ్చని పన్ను కూడా కదిలి ఊడిపోతుంది. మన నల్గొండ ప్రాంతంలో పళ్ళ బాధ అనగానే నీళ్ళలోని ఫ్లోరైడు మీదికి నెట్టేయడం అలవాటు. ఫ్లోరైడు మచ్చ పంటి పైపొరలో ఉంటుంది. తోముతుంటే నెత్తురు వస్తే అది ఫ్లోరైడు కాదు, చిగుళ్ళ జబ్బుకు గుర్తు.

ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. నోటి క్రిములు రక్తంలో చేరితే అలాంటి గుండెకు ప్రమాదం. పన్ను తీయించే ముందు దంతవైద్యునికి ఆ మాట తప్పక చెప్పాలి.

దైవప్రవక్త (స) మిస్వాక్‌ను ఎంతగా ప్రోత్సహించారో మనకు తెలుసు. వజూలో పుక్కిలించడమూ ఉంది. కానీ ఈ బిడ్డ సొంతంగా శుభ్రంగా తోముకోలేడు. అమ్మో, అబ్బాజానో, అన్నో వెనుక నిలబడి మెత్తటి బ్రష్షుతో చిగురు అంచు దాకా తోమాలి. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. మూడేళ్ళు దాటిన బిడ్డకు పేస్టు బఠాణీ గింజంత చాలు.

దాతలకు మా విన్నపం ఒక్కటే. ఒక్కరోజు శిబిరం పెట్టి, బ్రష్షులు పంచి, ఫోటో దిగితే ఈ జబ్బు ఆగదు. డాక్టరు చెప్పినట్టు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించి, గార తీయించాలి. పెద్దవూర నుంచి హాలియా మీదుగా నల్గొండకో, నార్కట్‌పల్లి దంతవైద్య కళాశాలకో వెళ్ళిరావడమంటే కూలితల్లికి ఒక రోజు కూలి పోయినట్టే. బస్సు ఉచితమైనా ఆ కూలి ఎవరిస్తారు? మీ సదఖా అక్కడ ఆసరా కావాలి.

ప్రభుత్వం నుంచి వచ్చేదీ వదలకూడదు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపై వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో ఈ పిల్లలకు శిక్షణ, తల్లిదండ్రులకు సలహా దొరుకుతాయి. ఆ కాగితాలు నింపి పెట్టే చదువుకున్న యువకులు మన మస్జిదులోనే ఉన్నారు.

ఒక్కొక్క దాత ఒక్కొక్క బిడ్డ పేరు రాసుకోండి. రెండేళ్ళపాటు ఆ బిడ్డ ఆస్పత్రి తేదీలు మీవే అనుకోండి. బడిలో వాళ్ళ పక్కన కూర్చోవడానికి, వాళ్ళ మూతి తుడవడానికి మేమున్నాం, ఇన్షా అల్లాహ్.