ఆహార గొలుసు మన మడిలోనే ఉంది
(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి దాకా చదివాను. సైన్సు పుస్తకంలో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద వరసగా గీసి, మధ్యలో బాణం గుర్తులు వేసిన బొమ్మ ఒకటి ఉండేది. కింద ‘ఆహారపు గొలుసు’ అని రాసుండేది. మార్కుల కోసం బట్టీ పట్టాం. అది మన పొలం బొమ్మేనని మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడా మాట వేరేగా వినబడుతోంది. పట్నంలో ఫుడ్ చైన్ అంటే ఒకే పేరుతో ఊరూరా వెలిసిన హోటళ్ళు. ఆఫీసుల్లో పెద్దసారుని ఫుడ్ చైన్‌లో పైనున్నాయన అంటారు. మొన్న మన సభలోనే ఒకతను రైతు ఫుడ్ చైన్‌లో అట్టడుగున ఉన్నాడన్నాడు. ధర విషయంలో అయితే ఒప్పుకుంటాను. కానీ అసలు గొలుసులో అడుగునున్నది రైతు కాదు, వరి మొక్క. ఎండను తిండిగా మార్చేది అదే. పుస్తకం దాన్నే ఉత్పత్తిదారు అంది. మనం, మన గేదె, సుడిదోమ, అందరం వినియోగదారులమే.

ఈ గొలుసులో ఒక మెట్టు మీది శక్తిలో పై మెట్టుకి చేరేది సుమారు పదో వంతే. అందుకే మడిలో దోమలు వేలల్లో ఉంటే సాలీళ్ళు తక్కువ, గట్టు మీద జెర్రిపోతు ఒకటో రెండో. పైనున్నవి తక్కువ పుడతాయి, నెమ్మదిగా పెరుగుతాయి. మందు కొడితే రెండూ చస్తాయి గానీ, తిరిగి ముందు లేచేది దోమే. దాని గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, మందు వాటికి తగలదు. వారం పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అప్పటికి తినడానికి సాలీడూ ఉండదు, మిరిడ్ నల్లీ ఉండదు.

ఇది నా అనుభవమే. ఆకుముడత కనబడిందని షాపులో ఇచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ కొట్టాను. చేను పచ్చగా తేరుకుంది, సంబరపడ్డాను. మూడు వారాలకు మడి మధ్యలో సుడులు సుడులుగా ఎండింది. మళ్ళీ అదే షాపుకి వెళ్ళి అప్పు రాయించి, రెండుసార్లు కొట్టాను. దోమను నేనే పెంచి, నేనే డబ్బిచ్చి చంపుకున్నానన్నమాట.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. ఇండోనేషియాలో సుడిదోమ దేశాన్నే వణికిస్తే, 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 రకాల పురుగుమందులు వాడకూడదంది. తర్వాత రైతులకు చేలోనే పురుగుల్ని గుర్తుపట్టే బడులు పెట్టింది. మన దగ్గరికి పొలంబడి వచ్చింది ఆ దారిలోనే.

గొలుసు ఎక్కడ తెగినా కష్టం మనకే. పశువుల నొప్పికి డైక్లోఫెనాక్ వేశాం. ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు గానీ, అప్పటికే రాబందులు కనుమరుగయ్యాయి. ఊరి చివర గొడ్డు పడితే ఇప్పుడు మూగేది కుక్కలు.

మీలో కౌలురైతులు ఉన్నారు. ‘పంట పోతే కౌలు ఎవడు కడతాడు, సాలీళ్ళు కడతాయా?’ అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. భయమే మనచేత మందు కొట్టిస్తోంది. చేలోకొచ్చి పురుగు చూసి చెప్పే మనిషి లేక, షాపాయన మాటే సలహా అయిపోయింది. ప్రతి ఊరికీ పొలంబడి కావాలని సంఘం అడుగుతున్నది అందుకే.

అంతవరకు మన చేతిలో ఉన్నది చేద్దాం. నాటేటప్పుడు రెండు మీటర్లకో కాలిబాట వదలని వాళ్ళు ఇప్పుడు పాయలైనా తీయండి. దోమ కనబడితే నీరు తీసి చేను ఆరగట్టండి. దుబ్బులు తట్టి లెక్కపెట్టండి. పిలకల దశలో దుబ్బుకి 10 నుంచి 15 దోమలు దాటకపోతే డబ్బా భుజానికెత్తొద్దు. దాటినా పైరిథ్రాయిడ్ల జోలికి మాత్రం పోవద్దు. దోమతోపాటు సాలీళ్ళనూ లెక్క రాసుకోండి.

ఆదివారం పొద్దున్నే, మంచు ఆరకముందు, చెరువు కింది నా మడి దగ్గరికి రండి. పిల్లల్నీ వెంటబెట్టుకు రండి. వాళ్ళ పుస్తకంలో ఆ బొమ్మ ఇంకా ఉంది.