మూడు కాళ్ల యంత్రం: మన సభ్యుల అభిప్రాయాలు

(విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి కార్యదర్శి గారు చెప్పవలసిందంతా చెప్పారు. మిగిలిన సమయం నాకిచ్చారు. ముప్పై మూడేళ్లు ట్రెజరీలో కూర్చుని మన బిల్లులకు కొర్రీలు వేసిన మనిషి ఇవాళ కుజగ్రహం సంగతి మాట్లాడతాడట అని వెనుక వరుసలో నవ్వుకుంటున్నారు. నవ్వుకోండి. నేను చెప్పబోయేది కుజగ్రహం గురించి కాదు. ఒక నవల విని మన నల్లగొండ, పాలమూరు మిత్రులు అన్న మాటల గురించి.

హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత రాసిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ అనే నవలను నేను నాలుగు సాయంత్రాలు కూర్చుని మన సాహిత్య మిత్రులకు తెలుగులో చెప్పాను. పుస్తకం చేతిలో పెట్టుకుని, పేజీ పేజీ చూస్తూ, కథ చెప్పినట్లు చెప్పాను. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. నాలుగో రోజు కుర్చీలు చాలక పక్క గది నుంచి బెంచీలు తెచ్చుకున్నాం. డి.ఏ. మీటింగుకు తప్ప మనకు అంతమంది రావడం నేను చూడలేదు.

రానివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1897లో పత్రికలో ధారావాహికగా వచ్చి, 1898లో పుస్తకమైంది. కుజగ్రహం చల్లబడిపోతున్నది. అక్కడివాళ్లకు బతకడానికి వేరే చోటు కావాలి. పెద్ద పెద్ద లోహపు గొట్టాలలో వచ్చి లండన్‌కు దగ్గరలో ఓకింగ్ అనే ఊరి బయట దిగుతారు. మూడు కాళ్ల మీద నడిచే ఎత్తైన యంత్రాలు ఎక్కి, వేడికిరణంతో ఊళ్లు కాలుస్తారు, నల్లపొగ వదిలి మనుషులను చంపుతారు. బ్రిటిషు ఫిరంగులు వాళ్లను ఆపలేవు. లండన్ మహానగరం ఇళ్లు వదిలి రోడ్డున పడుతుంది. చివరికి ఆ వచ్చినవాళ్లు మన భూమి మీది సూక్ష్మక్రిములకు తట్టుకోలేక ఎక్కడివాళ్లక్కడ చనిపోతారు. వెల్స్ అప్పట్లో ఓకింగ్‌లోనే కాపురముండేవాడు. సైకిలు మీద తిరుగుతూ ఏ సందును ఎలా తగలబెట్టాలో చూసి పెట్టుకున్నాడట. ఇరుగుపొరుగు మీద అంత కక్ష ఎందుకో మరి.

ఈ కథ విన్నవాళ్లు ఎక్కడికక్కడ ఏం చేశారో ముందు చెప్పాలి. అమెరికాలో ఒక బోస్టన్ పత్రిక 1898లో రచయితను అడగకుండా కథ మార్చి, కుజవాసులను బోస్టన్ చుట్టుపక్కలే దింపింది. వెల్స్ నిరసన తెలిపాడు. ఆ వెంటనే ఇంకొకాయన దానికి కొనసాగింపు రాశాడు. అందులో ఎడిసన్ మహాశయుడే సైన్యం తీసుకుని కుజగ్రహం మీదికి దండయాత్రకు పోతాడు. మన మీదికి వచ్చారు కాబట్టి మనమూ పోదాం అన్నమాట. అదే బోస్టన్ పత్రికలో అదే కథ చదివిన కుర్రవాడు రాబర్ట్ గొడార్డ్ మరుసటి ఏడు చెర్రీ చెట్టెక్కి, కుజగ్రహానికి పోయే యంత్రం ఎలా ఉంటుందా అని ఆలోచించాడు. 1926 మార్చి 16న ద్రవ ఇంధనంతో నడిచే మొట్టమొదటి రాకెట్టును ఎగరేసింది అతనే. ఒకే కథ ఒకరికి దండయాత్ర నేర్పింది, ఇంకొకరికి రాకెట్టు నేర్పింది.

1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ అనే నటుడు (ఇద్దరికీ చుట్టరికం లేదు) దీన్ని వార్తాప్రసారంలాగా రేడియో నాటకం వేశాడు. అమెరికా అంతా ఇళ్లొదిలి పారిపోయిందని మర్నాడు పత్రికలు రాశాయి. మనలో చాలామంది స్కూల్లో విన్న కథే ఇది. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే, ఆ రాత్రి ఆ నాటకం విన్నవాళ్లే తక్కువ, భయపడినవాళ్లు ఇంకా తక్కువ. రేడియో తమ ప్రకటనలు లాక్కుంటున్నదని గుర్రుగా ఉన్న పత్రికలు దాన్ని పెద్దది చేశాయని తేల్చారు. ఈక్వెడారు దేశంలో మాత్రం 1949 ఫిబ్రవరిలో ఇదే నాటకం వేస్తే, మోసపోయామని తెలిసిన జనం రేడియో స్టేషనున్న భవనానికి నిప్పుపెట్టారు. ప్రాణాలు పోయాయి.

ఇది చెప్పగానే మనవాళ్లకు స్కైలాబ్ గుర్తుకొచ్చింది. 1979 జూలై 11. నేను అప్పుడు అచ్చంపేటలో ఉద్యోగంలో కొత్తగా చేరాను. జొన్నలు, ఆముదాలు విత్తే రోజులు. ఎలాగూ చస్తాం గదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్న ఇళ్లు నాకు తెలుసు. కానీ ఆ పొద్దున కూడా నాగలి కట్టుకుని చేలోకి పోయినవాళ్లు అంతకు పదింతలున్నారు. మేకను కోసినవాడి కథ నలభై ఏళ్లు చెప్పుకున్నాం. విత్తనాలు వేసినవాడి కథ ఎవరూ చెప్పలేదు. స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ పడమటి ఆస్ట్రేలియాలోనూ పడింది. ఆ యేడు మా వైపు ఆముదాలు మాత్రం పండాయి.

ఇక మనవాళ్ల సంగతి. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసిన మిత్రుడు మొదటి రోజే ఒక మాట పట్టుకున్నాడు. కుజవాసుల యంత్రాల్లో ఎక్కడా చక్రమనేది లేదని వెల్స్ రాస్తాడు. "చక్రం లేకుండ గేర్ బాక్స్ ఎట్ల సారూ" అని నన్ను రెండు రోజులు వదల్లేదు. వ్యవసాయ శాఖ పెద్దమనిషికి ఎర్ర కలుపు నచ్చింది. కుజగ్రహం నుంచి వచ్చిన ఒక ఎర్రటి మొక్క లండన్ నదులను కమ్మేస్తుంది. "మన చెరువుల్లో గుర్రపుడెక్క, మన గట్ల మీద వయ్యారిభామ. ఇందులో కల్పన ఏమున్నది?" అన్నాడాయన. ఆరోగ్య శాఖలో ఊరూరా తిరిగి టీకాలు వేసిన అక్కయ్య మాత్రం ముగింపును ఒప్పుకోలేదు. "వచ్చినవాళ్ల రోగం ఉన్నవాళ్లకు అంటడమే నేను పుస్తకాల్లో చదివిన. ఉన్నవాళ్ల రోగం వచ్చినవాళ్లను చంపిందంటే అది రచయిత కోరిక" అన్నది. అది నిజం. అమెరికా ఖండాల్లో మశూచి ఎవరు తెచ్చారో, ఎవరిని తిన్నదో అందరికీ తెలుసు. వెల్స్ దాన్ని తిప్పి రాశాడు. ఇంకో టీచరమ్మ, కథ చెప్పేవాడి భార్యకు పేరే పెట్టలేదేమని అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రివాల్వరు పేల్చే అమ్మాయికి మాత్రం పేరుంది అన్నాను. "పేరు కావాలంటే రివాల్వరు పట్టాలన్నమాట" అన్నది.

మూడో సాయంత్రం సర్వే శాఖ మిత్రుడు మాట్లాడాడు. అప్పటిదాకా గోడవార కూర్చుని ఒక్క మాట అనలేదు.

"సార్, మా థియోడలైటుకు గూడ మూడు కాళ్లే ఉంటయి" అన్నాడు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. శ్రీశైలం ప్రాజెక్టు కట్టే రోజుల్లో కృష్ణ ఒడ్డున కొల్లాపూర్, ఆలంపూర్ తాలూకాల్లో చైను, టేపు పట్టుకుని తిరిగాడు ఆయన. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నూరుకు పైగా ఊళ్లు ఆ నీటి కింద పోయాయి. 1981లో ఖాళీ చేయించారు. గుళ్లను రాయి రాయి విప్పి ఆలంపూర్, సోమశిలల్లో మళ్లీ కట్టారు. ఇళ్లను అట్లా కట్టలేదు. "చేన్ల ఆ మూడు కాళ్లు నిలబెట్టంగనే పిల్లలు ఉరికిపోయెటోళ్లు. పెద్దోళ్లు ఉరుకకపోయెటోళ్లు. నిలబడి చూసెటోళ్లు. ఒక ముసలవ్వ వచ్చి, దీంట్లకెల్లి చూస్తె నీకు మా ఇల్లు అవుపడ్తదా, నీళ్లు అవుపడ్తయా బిడ్డా అని అడిగింది. ఆ పాత మిషన్ల బొమ్మ తలకిందులుగ కనబడేది. ఇల్లే అవుపడ్తదవ్వా, తలకిందులుగ అవుపడ్తది అన్న. ఇంకేం చెప్పాలె?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. నీటిపారుదల శాఖలో ఎడమ కాలువ మీద చేసిన నల్లగొండ మిత్రుడికి కోపం వచ్చింది. 1967లో సాగర్ నీళ్లు వదలకపోతే మిర్యాలగూడ ఎక్కడ, హుజూర్‌నగర్ ఎక్కడ, ఆ వడ్లెక్కడ అని అడిగాడు. డ్యాములు కట్టినవాళ్లను మనుషులను తినేవాళ్లతో పోలుస్తారా అన్నాడు. పాలమూరు మిత్రుడు ఊరుకుంటాడా? "నీళ్లు మీకు, మునక మాకు" అన్నాడు. అరగంట నడిచింది. గంట కొట్టవలసి వచ్చింది.

ఆ పోలిక సరి కాదనే నేనూ అంటాను. కుజవాసులు నోటీసు ఇవ్వలేదు, పరిహారం కట్టలేదు, వెలుతురూ నీళ్లూ ఎవరికీ పంచలేదు. కానీ సర్వే మిత్రుడు చివరికి అన్నది వేరు. "కట్టినోళ్లు మంచోళ్లా చెడ్డోళ్లా అని నేను చెప్తలేను. నిలబడ్డోళ్లకు అది ఎట్ల కనబడ్డదో చెప్పిన" అన్నాడు. వెల్స్ కూడా అదే పని చేశాడు. మొదటి అధ్యాయంలోనే, కుజవాసులను తిట్టే ముందు మనం ఏం చేశామో గుర్తు చేసుకోమంటాడు. టాస్మేనియా దీవిలోని ఆదివాసులను తెల్లవాళ్లు యాభై ఏళ్లలో తుడిచిపెట్టారని తన పాఠకులకే చెబుతాడు. (వాళ్ల సంతతి ఇవాళ కూడా ఉన్నారు, ఆ మాట వెల్స్‌కు తెలియదు.) అప్పుడు ప్రపంచంలో పెద్ద భాగం బ్రిటిషువాళ్ల చేతిలో ఉన్నది. ఆ జెండా కింద హాయిగా టీ తాగే మనిషిని తీసుకుపోయి గోతిలో దాక్కునేవాడి పక్కన కూర్చోబెట్టాడు.

మనవాళ్ల పెద్ద ఫిర్యాదు ఇంకొకటి ఉన్నది. ఇంత పుస్తకంలో వచ్చినవాళ్లూ ఉన్నవాళ్లూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. మొదట్లో కొందరు తెల్లజెండా పట్టుకుని ఆ గొట్టం దగ్గరికి పోతారు. వేడికిరణం తగిలి బూడిదవుతారు. అంతే. "భాష రాదు గదా, ఏం మాట్లాడతారు?" అని ఎవరో అన్నారు.

దానికి అమ్రాబాద్ వైపు చాలా ఏళ్లు చెంచు పిల్లల హాస్టల్లో టీచరుగా చేసినాయన జవాబు చెప్పాడు. "చెంచులు మాట్లాడేది తెలుగే. అయినా మనం మాట్లాడుకున్నమా?" ఇప్పపూల కాలం వచ్చిందంటే పిల్లలు చెప్పకుండా పెంటలకు వెళ్లిపోయేవాళ్లట. హాజరుపట్టీలో గైర్హాజరు వేయడమే ఉండేది. ఒకసారి పెంటకు పోయి అడిగితే, "మీ బళ్లె మీ చదువు చెప్పిండ్రు, గిది మా బడి" అని ఒక తండ్రి చెట్టు చూపించాడట. "ఆ మాట రాసుకునేందుకు ఆ పట్టీలో గడి లేదు" అన్నాడాయన.

అప్పుడు నేను హైమెన్‌డార్ఫ్ సంగతి చెప్పాను. చాలామందికి తెలియదు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వియన్నా మనిషి, మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం వచ్చేసరికి ఈ దేశంలో ఉన్నాడు. జర్మను పాస్‌పోర్టు ఉన్నందున బ్రిటిషువాళ్లు అతన్ని శత్రుదేశస్థుడని లెక్కగట్టి, నిజాం రాజ్యం దాటి పోగూడదన్నారు. ఆయన 1940లో మన నల్లమలకు వచ్చి, చెంచుల మధ్య ఉండి, వాళ్ల గడ్డలు తవ్వే కర్ర దగ్గరి నుంచి పెళ్లిళ్ల దాకా అడిగి రాసుకున్నాడు. 1943లో ఆ పుస్తకం అచ్చయింది. సర్కారు కాగితాల్లో శత్రువైనవాడు వచ్చి అడిగాడు. పక్క తాలూకాలో ఉన్న మనం అడగలేదు. 2019లో నల్లమలలో యురేనియం అన్నప్పుడు మాత్రం అందరికీ చెంచులు గుర్తుకొచ్చారు. ఆ యేడు సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. పులుల అడవిలో నుంచి పెంటలను బయటికి తరలించే మాట కూడా ఏళ్లుగా నడుస్తున్నది. ఎవరైనా పోయి అడిగారా అని టీచరు మిత్రుడు అందరినీ చూశాడు. మనలో ముగ్గురు వచ్చే చలికాలం ఆయన వెంట రెండు పెంటలకు పోయి వద్దామని పేర్లు ఇచ్చారు. సర్వే మిత్రుడిది మొదటి పేరు. ఈసారి చేతిలో ఏ మిషనూ లేకుండా వస్తానన్నాడు. ఇంకెవరైనా రాదలిస్తే కార్యదర్శి గారి దగ్గర చెప్పండి. బస్సు చార్జీలు ఎవరివి వాళ్లవే.

వచ్చే నెల నుంచి వెల్స్‌దే ఇంకో నవల చెబుతాను. ‘ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్’, 1901లో వచ్చింది. అందులో చంద్రుడి లోపల చీమల పుట్టలాంటి రాజ్యం ఉంటుంది. అక్కడివాళ్లు మన మనిషిని పట్టుకుని, ఇద్దరిని పక్కన పెట్టి, అతని భాష నేర్చుకుంటారు. అతను వాళ్ల మహాప్రభువు ముందు నిలబడి మన భూలోకం సంగతులన్నీ, మన యుద్ధాలతో సహా, పూసగుచ్చినట్టు చెబుతాడు. చెప్పినందువల్ల అతనికి ఏమయిందో అప్పుడు చూద్దాం. రెండో శనివారం, సాయంత్రం నాలుగు గంటలకు. బెంచీలు ముందే వేయించి పెడతాం. మెకానిక్ మిత్రుడికి ముందే చెబుతున్నాను, అందులో గోళాకారపు వాహనం ఒకటుంది. దానికి కూడా చక్రాలు లేవు.