సముద్రంలో కడుపు తిప్పితే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం మాస్టరు మైకు ముందుకు వస్తే చదువు గురించే చెబుతాడని మీరు అనుకుంటారు. ఈసారి మేము వాంతుల గురించి చెప్పదలచాము. నవ్వవద్దు, ఇది అన్నం పెట్టే పనికి సంబంధించిన విషయం. మచిలీపట్నం గిలకలదిండి రేవులో డీజిల్ ఇంజన్ల పని నేర్చిన మన పిల్లలు కొందరు మరబోట్లతో సముద్రం మీదకు వెళ్తున్నారు. మొదటి ట్రిప్పులో కడుపు తిప్పుతుంది, తోటివాళ్ళు నవ్వుతారు. ఒడ్డుకు రాగానే "ఇక బోటు ఎక్కను" అంటాడు కుర్రాడు. "పనికిమాలినవాడా" అంటాడు తండ్రి. చేతికొచ్చిన పని పోతుంది, ఇంట్లో మనశ్శాంతీ పోతుంది.

అసలు ఇది ఎందుకు వస్తుంది? చెవి వినటానికే అనుకుంటాము. లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు వంపు గొట్టాలున్నవి. తల ఎటు తిరిగినా అవి మెదడుకు కబురు పంపుతవి. బోటు ఊగుతుంటే చెవి "కదులుతున్నాము" అంటుంది. ఇంజను గదిలో బోల్టు మీద నిలిచిన కన్ను "ఏమీ కదలటం లేదు" అంటుంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే ఖాజీగారు ఏం తీర్పు ఇస్తారు? మెదడు కూడా అట్లాగే తికమకపడుతుంది. ఆవులింతలు, చల్లటి చెమట, నోట్లో నీళ్ళూరటం, మన ఇళ్ళలో మత్లీ అనే వికారం, ఆపైన వాంతి వరుసగా వస్తాయి. లోపలి చెవి పూర్తిగా దెబ్బతిన్నవారికి ఈ బాధ ఉండదు. ఇంగ్లండు నౌకాసేనాని నెల్సన్‌కు జీవితాంతం ఈ బాధ ఉండేది. 1831 నుంచి 1836 వరకు ఓడ మీద లోకం చుట్టిన డార్విన్‌నూ ఇది వదలలేదు. వారిని పిరికివారని ఎవరంటారు?

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది ముగియగానే బోట్లు కదులుతవి. కొత్త కుర్రాళ్ళు ఎక్కేదీ అప్పుడే, నైరుతి గాలికి అలలు లేచేదీ అప్పుడే. కనుక సిద్ధపడి వెళ్ళాలి.

బిడ్డ సముద్రం మీదకు పోతున్నాడని ఆ పూట బిర్యానీ వండే తల్లులకు ఒక మనవి. బిర్యానీ తిరిగి వచ్చాక పెట్టండి. వెళ్ళేముందు నూనె, మసాలా తక్కువగా ఉన్న భోజనం చాలు. అట్లాగని ఖాళీ కడుపూ మంచిది కాదు. సంచిలో రస్కులు, బిస్కెట్లు, కొంచెం అల్లం పెట్టండి. అల్లం కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. ముందురోజు రాత్రి కంటినిండా నిద్ర ఉండాలి. మద్యం ఈ బాధను రెట్టింపు చేస్తుంది.

బోటు మీద ఊపు తక్కువగా ఉండేది నడిమధ్యలో. ముందు కొస దగ్గర నిలబడితే ఊపు ఎక్కువ. నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపాలి. అప్పుడు కన్నూ చెవీ ఒకే సాక్ష్యం చెబుతాయి. అది కనిపించని రాత్రివేళ కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకోవటం మేలు. సెల్‌ఫోను చూడరాదు. ఇంజను గదిలో పనిచేసేవాడికి డీజిల్ పొగ తోడవుతుంది. సరంగు అనుమతితో మధ్య మధ్య పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి.

మాత్రలున్నాయి. ప్రోమెథజీన్, సిన్నరిజైన్, మెక్లిజీన్ వంటివి బయలుదేరటానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగితే కడుపులో నిలవదు. ఇవి నిద్ర తెప్పిస్తాయి. వించి దగ్గర, వల దగ్గర తూగితే ప్రాణానికే ప్రమాదం. అందుకే డాక్టరును అడిగి, ముందు ఒక రోజు ఇంటి దగ్గర వేసుకుని చూసుకోవాలి.

వాంతి అయితే సిగ్గుపడి దాచుకోకూడదు. రాత్రి ఒంటరిగా బోటు అంచు మీద వంగవద్దు. తూలి నీళ్ళలో పడితే ఎవరికీ తెలియదు. పక్కన ఒక మనిషి ఉండాలి, లేదా బకెట్టు పెట్టుకోవాలి. తరువాత గుక్కెడు గుక్కెడుగా ఓఆర్ఎస్ తాగాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలగొట్టి కొలిచి కలపాలి. ఆ చెంచా టీ చెంచా. సముద్రపు నీరు ఎంతమాత్రం తాగరాదు. రంజాన్‌లో ప్రయాణికుడికీ, రోగికీ రోజా తరువాత పూర్తి చేసుకునే వెసులుబాటు ఉన్నది. దాన్ని వాడుకోవటంలో తప్పు లేదు.

చాలామందికి రెండు మూడు రోజుల్లో శరీరం అలవాటు పడుతుంది. కానీ మూత్రం ఆగిపోయినా, మాట తడబడినా, ఒక రోజంతా నీళ్ళయినా నిలవకపోయినా సరంగుకు చెప్పి ఒడ్డుకు చేర్చాలి. ఆపదలో కోస్ట్‌గార్డు నంబరు 1554.

సరంగు, కలాసీ అనే మాటలు ఫారసీ, ఉర్దూల మీదుగా ఈ రేవులకు వచ్చినవే. మాటలతోపాటు ఓర్పు కూడా మనం నేర్పాలి. పాత కలాసీలకు మా విన్నపం ఒక్కటే: కొత్తవాడు వాంతి చేసుకుంటే నవ్వకండి, నీళ్ళ గ్లాసు అందించండి. తల్లిదండ్రులకు మా మాట: మొదటి ట్రిప్పు చూసి బిడ్డ మీద తీర్పు చెప్పకండి. రెండోసారి సిద్ధం చేసి పంపండి. అప్పటికీ తట్టుకోలేకపోతే వాడి చేతిలోని ఇంజను పని ఒడ్డున కూడా అన్నం పెడుతుంది.