తేలు తోక మాటలు
(ఎచ్చెర్లలో అంబేడ్కర్ జయంతి సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



2025 జూలైలో 'మహావతార్ నరసింహ' బొమ్మల సినిమా వచ్చింది గదా. ప్రహ్లాదుడి కథ. బొమ్మల పుస్తకాల్లో తరాలుగా చదివిందే తెరమీద కదిలింది. జనం చెప్పులు బయట విడిచి హాల్లోకెళ్లారని, లోపల భజనలు చేశారని పత్రికలు రాశాయి. అంతకుముందు 2023లో 'ఆదిపురుష్' వచ్చినప్పుడు, రావణుడి వేషం మార్చేశారని దేశమంతా దుమ్మెత్తిపోశారు. బొమ్మంటే ఉత్త బొమ్మ కాదని వాళ్లకి తెలుసు. తెలియంది మనకే.

దేవుణ్ణి తిట్టడానికి మేము రాలేదు. సింహాచలమో అప్పన్నో లేని పేట మనకుందా? కాని 1873లోనే జోతిబా ఫూలే 'గులాంగిరి'లో ఈ కథని చచ్చినవాడి వైపునుండి చదివాడు. రాక్షసుడన్నవాడు ఈ నేల రాజేనన్నాడు. హాల్లో చప్పట్లు కొట్టిన మన పిల్లలకి ఆ ముక్క ఎవరు చెప్పారు? మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా మొదట పట్టుకున్నది మేమే. చిన్నప్పుడు మాకు దొరికిన బొమ్మల పుస్తకాల్లో దేవుడు ఎర్రగానో నీలంగానో ఉండేవాడు, రాక్షసుడికి మా రంగు పూసేవారు. నమ్మేశాం. మాకు సిగ్గేసేది కూడా.

మొన్న బడిలో "భీమ్ ఎవర్రా?" అనడిగాం. "లడ్డూలు తినేవాడు మాస్టారూ" అన్నారు! హైదరాబాదు కంపెనీ 2008 నుండి టీవీలో చూపిస్తున్న ఛోటా భీమ్. అదే ఏడాది మన ఎచ్చెర్లలో బాబాసాహెబ్ పేరున విశ్వవిద్యాలయమొచ్చింది. పిల్లలకి నీలం కోటు, చాచిన వేలు తెలుసు. దాహమేసిన భీముడు తెలీదు.

ఆ భీముడి బొమ్మల పుస్తకం ఒకటుంది. 'భీమాయన', 2011లో వచ్చింది. గీసింది మధ్యప్రదేశ్ ప్రధాన్ గోండులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. పెట్టెలు గీసి మనుషుల్ని వాటిలో ఇరికించలేదు. మంచి మాటని పిట్ట ఆకారంలో రాశారు, కులం మాటకి తేలు తోక పెట్టారు. 1901లో పిల్లలు తండ్రిని చూడ్డానికి బయల్దేరారు. మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టరు వెనక్కి జరిగాడు. బండివాడు రెట్టింపు కిరాయి పుచ్చుకొని కూడా బండెక్కలేదు, పగ్గాలు పిల్లలకే ఇచ్చి పక్కన నడిచాడు. మూటలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు దొరకలేదు, ఆకలితోనే పడుకున్నారు.

రేపు దీన్నీ ఎవరో కదిలే బొమ్మలుగా తీస్తారు. అప్పుడు మనమూ తగువాడాలి. తేలు తోక కత్తిరించారా? పిల్లాడి రంగు మార్చారా? ఆ రాత్రి దాహాన్ని అర నిమిషంలో తేల్చేసి పాట పెట్టారా? అడగాలంటే ముందు మనం పుస్తకం చూసుండాలి గదా.

బడిలో ఆ పేజీలు చూపించి, మీరూ వెయ్యండన్నాం. ఓ గుంటడు బోరింగు వేశాడు, పక్కన బిందె, ఓ ముసలమ్మ. ఆమె మాటకి తేలు తోక తగిలించాడు. "ఏటన్నాదిరా?" అంటే, "ముట్టకు అన్నాది మాస్టారూ" అని బిందెకి రంగేసుకుంటూ కూర్చున్నాడు.