వ్యానునకు రెండు బ్యాటరీలు ఏల?

(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుని ప్రసంగపాఠము)



బడిలో నేర్చిన శాస్త్రము ఇంటికి ఉపకరింపవలెనని నా నమ్మకము. కావున నేడు మన కుటుంబములకు పనికివచ్చు ఒక చిన్న విషయమును మనవి చేయుదును.

మనవారు రెండేండ్లకొకసారి మేడారము జాతరకు పోవుదురు. గోదావరిపై వంతెన వచ్చిన పిమ్మట కాళేశ్వరమునకును బండ్లమీదనే పోవుచున్నారు. 2022లో ప్రాణహిత పుష్కరములు మన సిరోంచవద్దనే జరిగినవి. ఇట్టి యాత్రలకై కొందరు పాత వ్యానును కొని, లోపల బల్లలు, దీపములు, పంకా అమర్చి, రాత్రి బసకు అనువుగా మార్చుకొనుచున్నారు. రాత్రియెల్ల పంకా తిరిగిన పిదప తెల్లవారి తాళము త్రిప్పగా ఇంజను కదలకున్న ఏమి గతి? జాతరలో నలుగురు త్రోయుదురు. అడవిదారిలో, జ్వరముతోనున్న పసిబిడ్డతో నున్నప్పుడు అది ప్రాణసంకటము.

రైతు విత్తనపు వడ్లను తిండిగింజలతో కలుపడు. ఇంట ఎంత కరవున్నను విత్తనపు గాదె తెరువడు. రెండు బ్యాటరీల సూత్రము ఇంతియే. ఒకటి ఇంజనును మేల్కొలుపుటకు, మరొకటి దీపములకు, పంకాకు.

ఇవి జాతిలోనే వేరు. ఇంజను త్రిప్పుటకు కొన్ని క్షణములపాటు వందల ఆంపియరులు కావలెను. అందుకై మొదటిదానిలో పలుచని పలకలు పెక్కు ఉండును. దానిని పలుమారు అడుగంట వాడిన త్వరలో చెడును. రెండవదానిలో పలకలు మందము, అది కొద్దికొద్దిగా చాలసేపు ఇచ్చును. మన ఇండ్లలోని ఇన్వర్టరు ట్యూబులర్ బ్యాటరీ ఈ జాతిదే.

ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరు సుమారు 14 వోల్టులతో రెండింటిని నింపవలెను. ఇంజను ఆగిన వెంటనే రెండును విడిపోవలెను. కొందరు పనివారు రెండింటిని ఉట్టి తీగతో కలిపి చేతులు దులుపుకొందురు. అప్పుడు రెండును కలసియే ఎండిపోవును. విత్తనము తిండిలో కలసినట్లే! కావున నడుమ రిలే ఉండవలెను. వోల్టేజిని కనిపెట్టు రిలే సుమారు 13.3 వోల్టులకు రెండింటిని కలిపి, 12.8కి విడదీయును. పాత వ్యానులకు ఇది చాలును. కంప్యూటరు ఏలుబడిలోని క్రొత్త ఆల్టర్నేటరులకును, లిథియము బ్యాటరీలకును డీసీ–డీసీ చార్జరు అనునది మేలు.

ఇక లెక్క. 100 ఆంపియరు–గంటల బ్యాటరీని 12 వోల్టులతో గుణింపగా 1200 వాటు–గంటలు. సీసపు బ్యాటరీ దీర్ఘకాలము నిలువవలెనన్న సగమే వాడదగును, అనగా 600. పంకాకు 20, దీపములకు 10, ఫోనులకు 10, వెరసి 40 వాటులు. 600ను 40తో భాగింపగా 15 గంటలు. ఒక రాత్రికి చాలును. రెండవ రాత్రికి చాలదు. అరగంట ప్రయాణముతో ఈ వెలితి పూడదు. కొన్ని గంటలు నడువవలెను, లేదా సౌరఫలక ముండవలెను. అయితే ముసురు రోజులలో దానిపై ఆశ తగ్గించుకొనవలెను.

కొలత తెలుపు మీటరు స్వల్పవెలకే దొరకును. బ్యాటరీ కొన్ని గంటలు విశ్రాంతిగా నున్న పిదప 12.6 చూపిన నిండుగా నున్నది, 12.2 ఇంచుమించు సగము, 12.0 అయినచో ఇక వాడరాదు. వట్టిపోయిన సీసపు బ్యాటరీని అట్లే విడిచిన పలకలపై గంధకితము గట్టిపడి, మరల నిండుగా ఎక్కదు.

ప్రమాదములు రెండు. రెండు బ్యాటరీలను కలుపు తీగకు ఇరుచివరల శక్తి యున్నది. తీగ రాచుకొని వాహనపు ఇనుమునకు తగిలిన నిప్పు పుట్టును. కావున రెండు బ్యాటరీల దగ్గరను ఒక్కొక్క ఫ్యూజు తప్పనిసరి. ఒకచోట పెట్టిన చాలదు. రెండవది, నీరు పోయు సీసపు బ్యాటరీ నిండునపుడు హైడ్రోజను వెలువడును. నిద్రించుచోట దానిని ఉంచవలసివచ్చినచో మూతగల పెట్టెలో పెట్టి, గాలిగొట్టమును బయటికి తీయవలెను. దాని దగ్గర బీడీ వెలిగింపరాదు, పిల్లలను చేరనీయరాదు.

వాహనపు కట్టుబడిని మార్చుట 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు లోబడి యుండవలెనని కూడ మరువకుడు.

పనివానిని మూడు ప్రశ్నలు అడుగుడు: ఇంజను ఆగగానే రెండును విడిపోవునా? ఫ్యూజులు ఇరుప్రక్కల నున్నవా? ఆవిరికి దారి యేది? జవాబు చెప్పలేనివానికి డబ్బు చెల్లింపకుడు. పై లెక్కను మీ పిల్లలచేత మీ బండికే వేయించుడు. గుణకార భాగహారములు వచ్చిన బిడ్డ దానిని చేయగలడు, చేయగలదు.