కాలేజీ పిల్లలకు ల్యాప్‌టాప్



ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ సీట్ల హడావిడి మొదలైందంటే చాలు, మన ఇళ్లల్లో ఇప్పుడు వినిపించే మాట ఒకటే: "అమ్మా, ల్యాప్‌టాప్ కావాలి." 2008లో బాసర ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు అక్కడి పిల్లలకు సంస్థే వాటిని ఇచ్చింది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికో, నిజామాబాద్ గిరిరాజ్ కళాశాలకో వెళ్లేవాళ్లకు కొనవలసింది మనమే. ఇక బోధన్ వైపు చూడండి. 1937లో నెలకొల్పిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ జీతం మీద నడిచిన సంసారాలకు ముప్పై వేలంటే చీటీ ఎత్తవలసిన మాట.

అంచేత, పిల్లలే చూసుకుంటారులే అని ఊరుకోకండి. పిల్లలు రంగు చూస్తారు, సన్నదనం చూస్తారు. చూడవలసినవి లోపల ఉంటాయి.

ర్యామ్ అనేది మన వంటగట్టులాంటిది. గట్టు ఇరుకైతే కూర తరిగే చోట పిండి కలపలేం కదా! 4 జి.బి. ర్యామ్ ఉన్న మిషనూ అంతే, రెండు పనులు ఒక్కసారి చెబితే మొరాయిస్తుంది. 8 జి.బి.కి తగ్గవద్దు. తర్వాత పెంచుకునే వీలుందా అని కూడా అడగండి. కొన్నింటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, ఇక మార్చడం కుదరదు. సామాను దాచే అల్మరా ఎస్.ఎస్.డి. అది 256 జి.బి. ఉన్నా చదువుకు సరిపోతుంది. పాత రకం తిరిగే హార్డ్ డిస్క్ 1000 జి.బి. ఇస్తామన్నా ఆశపడకండి, తెరుచుకునేసరికి టీ కాగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మొన్న మా పక్కింటి అక్క అడిగింది: "పాతదే గానీ ఐ5 అట చెల్లె, పద్దెనిమిది వేలకే ఇస్తడట. తీస్కోమంటవా?" ఐ5 అన్న అక్షరం చూసి మురవకండమ్మా. దాని పక్కనున్న అంకె చదవండి. 6300 అని ఉంటే అది ఆరో తరం, 8250 అని ఉంటే ఎనిమిదో తరం. 1135 అంటే పదకొండు, 1215 అంటే పన్నెండు. ఈ పన్నెండో తరం ఐ3 కూడా ఆ ఆరో తరం ఐ5 కంటే చురుకైనదే! విండోస్ 10కి మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 చూస్తే, ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందున్న వాటికి దాదాపు పనికిరాదు. కొట్టువాడు ఎలాగో ఎక్కించి చూపిస్తాడు. కంపెనీ మాత్రం దానికి పూచీ పడదు. మూడేళ్ల చదువుకు కొంటున్నాం కదా. ఆఫీసులు వాడి తీసేసిన మిషన్లు చెడ్డవని నేననను. ఎనిమిదో తరం దాటింది, బ్యాటరీ బాగున్నది దొరికితే, సెలరాన్ వేసిన చవక కొత్తదాని కంటే నేను దాన్నే మెచ్చుకుంటాను.

ఏం చదువుతున్నారో కూడా చూడాలి. బి.ఏ. వాళ్లకు క్రోమ్‌బుక్ అయినా నడుస్తుంది. బి.కాం. కంప్యూటర్స్ పిల్లలకు మాత్రం వద్దు; ట్యాలీ కావాలంటే విండోస్ ఉండాల్సిందే. ఇంజనీరింగు డ్రాయింగులకు 16 జి.బి. అడుగుతారు, అది వేరే లెక్క.

ఇక కంతుల విషయం. వడ్డీ సున్నా అంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. పాతది కొంటుంటే ఛార్జరు తీయించి, ఒక గంట కొట్లోనే నడిపించి చూడండి, బ్యాటరీ సంగతి అక్కడే తేలుతుంది. సంచీ, మౌసు ఉచితమని ఊరిస్తారు, అవి పక్కన పెట్టండి. వారంటీ ఎన్ని నెలలో, మిషను అడుగున ఉన్న సీరియల్ నంబరేమిటో జి.ఎస్.టి. బిల్లు మీద రాయించుకునేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.