రాతిలో లోహమును నిలుపు విద్య



మేము బడిలో సంస్కృతము చెప్పినవారమే కాని ఉలి పట్టినవారము కాము. అయినను తండ్రితాతల పని చూచుచు పెరిగినవారము. మన కులమునకు మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞ అను ఐదు శాఖలు కలవు. ఈ శాఖల వృత్తులు వేఱైనను అవి యొకచోట కలియవలసిన పనులు పెక్కులు. రాతికి బెజ్జము వేసి అందు లోహపుచీలను నిలుపుట యట్టి పని.

ఈ విద్య క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందు ఎనిమిది పాళ్లు సీసము, రెండు పాళ్లు కంచు, ఒక పాలు ఇత్తడి కూర్చిన ద్రవ్యమును వజ్రసంఘాతమని పేర్కొని, ఇది మయుడు చెప్పిన యోగమనెను. కంచు, ఇత్తడి పనులకు పేరొందిన మన బుడితివారికి ఈ లోహములు పరిచితములే గదా.

పూర్వులు బెజ్జములో చీలను నిలిపి, సీసము కరగించి పోసెడివారు. చల్లారిన సీసము కొంచెము ముడుచుకొనును గావున దానిని మొద్దు ఉలితో చుట్టును కూరి బిగించెడివారు. ఆ సీసమే యినుమునకు తడి తగులనీయక కాపాడెడిది. గ్రీసు దేశపు ప్రాచీనులును ఇట్లే చేసిరి. కాని 1898 నుండి 1933 వఱకు ఏథెన్సులో పార్థెనాను ఆలయమును బాగుచేసిన బలానోసు అను ఇంజనీరు సీసము లేని యినుపబందులను వాడెను. త్రుప్పుపట్టిన యినుము రెండింతలకు మించి ఉబ్బును. ఆ యుబ్బు పాలరాతిని పగులగొట్టెను. తరువాతివారు ఆ బందులను తీసి టైటానియము పెట్టవలసివచ్చెను. ఉద్దానపు ఉప్పుగాలిలో ఇనుమున కెంత యాయువో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేడు టెక్కలి నీలి గ్రానైటుతో స్మారకశిలలు చేయుచున్నారు. అట్టి శిలలపై ఇత్తడి అక్షరములను నిలుపవలసినచో, అక్షరము వెనుకనుండు చిన్నచీలలను రాతిబెజ్జములలో దింపుదురు. సీసమునకు మాఱుగా ఎపాక్సీ జిగురు వచ్చినది. అక్షర మూడినచో యజమాని జిగురును నిందింపడు, పనివానిని నిందించును. కావున యువకులు ఈ క్రమము నెఱుగవలెను.

6 మిల్లీమీటర్ల చీలకు 8 మిల్లీమీటర్ల బెజ్జము చాలును. లోపల రాతిపిండి మిగిలినచో జిగురు రాతి నంటక పిండి నంటును. కావున చేతిపంపుతో ఊది, కుంచెతో తోమి, మరల ఊదవలెను. చీలకు నూనె తుడిచి ఆకురాయితో గరుకు చేయవలెను. జిగురు రెండు భాగములను చెప్పిన కొలతకే కలిపి, అడుగునుండి నింపి, చీలను త్రిప్పుచు దింపవలెను. గట్టిపడువఱకు కదల్పరాదు. సముద్రతీరమున ఇనుపచీల పనికిరాదు. ఇత్తడియో, 316 రకపు త్రుప్పుపట్టని యుక్కో వాడవలెను.

మఱియొక మాట. నోటితో ఎన్నడును ఊదరాదు. గ్రానైటు ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను మానని వ్యాధిని తెచ్చును. నీరు పోయుచు బెజ్జము వేసినచో ధూళి యణగును. జిగురుకు ముందు బెజ్జము నారనీయుడు. మన బిడ్డల యూపిరికంటె ఏ శిలయు విలువైనది కాదు.

ఈ పనులను నేడు మన పిల్లలు కూలికి చేయుచున్నారేకాని, నేర్పువారు లేరు. పోషకులు వేసవిలో ఒక పక్షము దినములైన వృద్ధశిల్పులచేత వారికి నేర్పింపవలెనని మా ప్రార్థన.